పీసీ కుర్రాళ్ల మధ్యకి పీఎస్5: కూకట్‌పల్లి గేమింగ్ కేఫ్ కేస్ స్టడీ

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో హాస్టళ్లు వరసగా ఉండే ఒక రోడ్డులో, రెండో అంతస్తులో నడిచే గేమింగ్ కేఫ్ ఇది. ఓనర్ వద్దన్నాడు కాబట్టి పేరు రాయడం లేదు. పీసీలు పాతిక దాకా ఉన్నాయి, అన్నిటికీ 144 హెర్ట్జ్ మానిటర్లే. వచ్చేవాళ్లు ఇంజనీరింగ్ స్టూడెంట్లు, ఉద్యోగం వెతుక్కుంటూ హాస్టల్లో ఉంటున్న కుర్రాళ్లు. ఆడేది వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేములు, కొంతమంది డోటా. కూర్చుంటే నాలుగైదు గంటలు లేవరు. ఇలాంటి కేఫ్‌లకి సెటప్ చేసివ్వడం, ఉన్నవాటిలో తేడా వస్తే చూడటం నా పని. అంతకుముందు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కన్సోల్ (టీవీకి కలిపి ఆడే గేమ్ బాక్సు) రిపేర్లు చేసేవాణ్ని.

ఓనర్ నన్ను పిలిచేసరికే డబ్బు ఖర్చయిపోయింది. నాలుగు పీఎస్5లు (సోనీ ప్లేస్టేషన్ 5 కన్సోళ్లు), నాలుగు పెద్ద టీవీలు, సోఫాలు, ఏసీ, గోడకి నీలం లైట్లు. పీసీ మీద గంటల తరబడి కూర్చునే హార్డ్‌కోర్ కుర్రాళ్లు ఇంతకంటే మంచి బొమ్మ, మంచి సౌండ్ ఉన్నచోట ఎక్కువ రేటుకైనా కూర్చుంటారని ఆయన లెక్క. లెక్కలో తప్పేం కనబడదు. కానీ గది ఖాళీ.

"చూస్తున్నరు తమ్మీ, ఫొటోలు దిగుతున్నరు, మళ్ల పోయి పీసీ కాడనే కూసుంటున్నరు. ఏందిది?" అన్నాడు.

హార్డ్‌కోర్ గేమర్‌ని తమవైపు ఎలా లాక్కోవాలని కన్సోల్ కంపెనీలు ఇరవై ఏళ్లుగా వేసుకుంటున్న ప్రశ్నే ఇది, కాకపోతే వాళ్లది వేల కోట్ల లెక్క. అందుకే ఈ కేసు రాయాలనిపించింది.

ముందు చేసిన పని ఎవరినీ ఏమీ అడక్కుండా ఆ గదిలో కూర్చుని చూడటం. వాలరెంట్ ఆడే ఒక గ్రూపుని ఓనర్ బతిమాలి ఫ్రీగా కూర్చోబెట్టాడు. కాల్ ఆఫ్ డ్యూటీ పెట్టాం. పీసీ మీద ఆ గ్రూపులో అందరికంటే బాగా ఆడే కుర్రాడు కాసేపటికే ప్యాడ్ పక్కన పెట్టేశాడు. "దీంట్ల ఎయిమ్ కుదుర్తలేదన్నా. ఎవడో నా చెయ్యి పట్టుకొని ఆడిస్తున్నట్టుంది" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. బొటనవేలితో తిప్పే స్టిక్‌కి మౌస్‌కున్నంత కచ్చితత్వం రాదు కాబట్టి, కన్సోల్ షూటింగ్ గేముల్లో ఎయిమ్ అసిస్ట్ అని పెడతారు. గురి శత్రువు దగ్గరికి రాగానే గేమే కాస్త వేగం తగ్గించి, అటువైపు లాగుతుంది. ప్యాడ్‌తో పెరిగినవాడికి అది తెలియను కూడా తెలియదు. ఏళ్ల తరబడి మౌస్ మీద మణికట్టుని తీర్చిదిద్దుకున్నవాడికి మాత్రం అది అవమానం. తాను కష్టపడి సంపాదించుకున్నదాన్ని ఎవడో అడక్కుండా సాయం చేసి చెడగొడుతున్నట్టు ఉంటుంది.

ఆ సంగతి గేమ్ తయారుచేసేవాళ్లకీ తెలుసు. 2024లో వాలరెంట్ పీఎస్5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకి వచ్చింది. కానీ పీసీవాళ్లతో కలిపి ఆడించరు, కన్సోల్‌వాళ్ల మ్యాచ్‌లు కన్సోల్‌వాళ్లవే. కౌంటర్ స్ట్రైక్ 2 అయితే అసలు కన్సోల్ మీదికే రాలేదు. అంటే మా కేఫ్‌లో ఎక్కువమంది ఆడే రెండు గేముల్లో ఒకటి పీఎస్5లో లేనే లేదు, రెండోది ఉన్నా వాళ్ల ర్యాంకు పీసీ దగ్గరే ఉంది, వాళ్ల స్నేహితులూ అక్కడే ఉన్నారు. సోఫా ఎంత మెత్తగా ఉంటే మాత్రం ఏం లాభం?

ఓనర్‌కి మొదటిరోజే చెప్పేశాను: అన్నా, ఈ కుర్రాళ్లు అటు రారు, వాళ్లమీద ఆశ వదిలెయ్యి. ఆయనకి నచ్చలేదు. పీఎస్5లో గేములు దాచే ఎస్‌ఎస్‌డీ సెకనుకి 5.5 జీబీ చదువుతుందని, తన పీసీలు అందులో సగం కూడా చదవవని నాకే పాఠం చెప్పాడు. నిజమే, కానీ కౌంటర్ స్ట్రైక్ ఆడేవాడికి అది ఎందుకు?

గది ఖాళీగా ఉండటానికి ఇంకో కారణం ఉంది, అది ఆయన చేతిలోదే. అప్పుడప్పుడు వచ్చి టెక్కెన్ 8 అనే ఫైటింగ్ గేమ్ ఆడే ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు. వాళ్లూ మానేశారు. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయారు, "ఇక్కడ ఏదో తేడాగా ఉంది, బ్లాక్ పడట్లేదు" అన్నారంతే.

ఇలాంటప్పుడు నేను వాడే పద్ధతి చాలా చవకైనది. ఫోన్‌లో స్లో మోషన్ కెమెరా 240 ఫ్రేములకి పెట్టి, ప్యాడ్ మీద బటనూ టీవీ స్క్రీనూ రెండూ ఒకే వీడియోలో పడేలా తీస్తాను. వేలు బటన్ని నొక్కిన ఫ్రేము నుంచి స్క్రీన్ మీద బొమ్మ కదిలిన ఫ్రేము దాకా లెక్కపెడితే చాలు, ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. గేమ్‌కి సొంతంగా కొంత ఆలస్యం ఎలాగూ ఉంటుంది. కాబట్టి అదే కన్సోల్‌ని ఒక పీసీ మానిటర్‌కి కలిపి మళ్లీ తీస్తే, మధ్యలో తేడా అంతా టీవీదే. ఆ టీవీ ఒక్కటే దాదాపు 100 మిల్లీసెకన్లు తింటోంది. షోరూమ్‌లో బొమ్మ బాగా కనబడటానికి పెట్టే మోషన్ స్మూతింగ్, నాయిస్ తగ్గించేది, కాంట్రాస్ట్ పెంచేది అన్నీ ఆన్‌లో ఉన్నాయి. టీవీ ప్రతి ఫ్రేమునీ పట్టుకుని, మేకప్ వేసి, తర్వాత చూపిస్తోంది.

సినిమా చూసేవాడికి దాంతో ఏ బాధా లేదు. టెక్కెన్‌లో సంగతి వేరు. అది సెకనుకి 60 ఫ్రేములతో నడిచే గేమ్. కిందనుంచి వచ్చే ఒక నెమ్మది దెబ్బ 25 ఫ్రేముల్లో తగులుతుందనుకుందాం. అంటే 400 మిల్లీసెకన్లు దాటి కొంచెం. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి 200 నుంచి 250 పడుతుంది. మిగిలేది ఇంచుమించు 170 నుంచి 220. అందులో టీవీ 100 తినేస్తే, బాగా ఆడేవాడు కూడా కొత్తవాడిలా దెబ్బలు తింటాడు. వాడికి కారణం తెలియదు, ఇక్కడ ఆడితే నేను ఓడిపోతున్నాను అన్న సంగతి మాత్రం ఒంటికి తెలుస్తుంది. అలాంటిచోటికి ఎవడూ రెండోసారి రాడు.

గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఆలస్యం చాలా వరకు తగ్గింది. రెండు టీవీలకి ఆ మోడ్ ఉన్నా సరిపడా తగ్గలేదు, వాటిని ఓనర్ ఇంటికి ఒకటి, రిసెప్షన్‌కి ఒకటి పంపించి, పీసీ సెక్షన్ నుంచి మానిటర్లు తెచ్చిపెట్టాం. బొమ్మ చిన్నదైంది. ఓనర్ ముఖమూ చిన్నబోయింది. టెక్కెన్‌వాళ్లు మాత్రం ఆ వారమే తిరిగొచ్చి, వస్తూ వస్తూ ఇంకొందరిని తెచ్చారు.

ఆ వచ్చినవాళ్లని చూశాక నాకు అసలు విషయం అర్థమైంది. వాళ్లెవరూ కేఫ్‌లో పీసీ ఆడే బ్యాచ్ కాదు. ముప్పైకి అటూ ఇటూ వయసు, మెడలో ఐటీ కంపెనీ ట్యాగులు, శుక్రవారం షిఫ్ట్ అయిపోయాక హైటెక్ సిటీ నుంచి మెట్రో ఎక్కి వస్తారు. మాట కలిపితే ఒక్కొక్కడూ ఒక్కో బస్తీలో పీఎస్2 పార్లర్ పేరు చెప్పాడు. మౌలాలి, సంతోష్‌నగర్, ఓల్డ్ అల్వాల్. గంటకి పదో ఇరవయ్యో రూపాయలు, చిన్న డబ్బా టీవీ, వైరు తెగి టేపు చుట్టిన ప్యాడ్. ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. ఫుట్‌బాల్, రెజ్లింగ్, టెక్కెన్ అక్కడే నేర్చుకున్నారు. ఆ పాత డబ్బా టీవీలకి పైన చెప్పిన ఆలస్యం దాదాపు లేనేలేదు, అది వేరే సంగతి.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా రాసేస్తాను. తయారైపోయిన హార్డ్‌కోర్ గేమర్‌ని ఏ కన్సోల్ కంపెనీ కూడా తనవైపు లాక్కోలేదు. పన్నెండు, పదిహేనేళ్ల వయసులో వాడి వేళ్లు దేనిమీద పడ్డాయో దానికే వాడు హార్డ్‌కోర్ అవుతాడు. చవగ్గా కూర్చోబెట్టిన కుర్చీ ఎవరిదైతే, పదేళ్ల తర్వాత ఆ మనిషీ వాళ్లవాడే.

ఇది హైదరాబాద్‌కి మాత్రమే చెల్లే మాట కాదు. లాహోర్ నుంచి వచ్చిన అర్సలాన్ యాష్ ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేముల పోటీల్లో, 2019లో ఈవో జపాన్, అదే ఏడాది లాస్ వేగాస్ ఈవో రెండూ గెలిచి టెక్కెన్ ప్రపంచాన్ని నోరెళ్లబెట్టేలా చేశాడు. అక్కడివాళ్లు ఖరీదైన సెటప్పులతో పెరగలేదు, టోకెన్ వేసి ఆడే ఆర్కేడ్ షాపుల్లో పెరిగారు. కొరియాలో 1998లో స్టార్‌క్రాఫ్ట్ వచ్చినప్పుడు గంటల లెక్కన అద్దెకిచ్చే పీసీ బాంగ్‌లు ఒక తరాన్నే తయారుచేశాయి. అక్కడ గేమ్ కంపెనీలు ఆ షాపులతో ప్రత్యేకంగా ఒప్పందాలు పెట్టుకుంటాయి. కన్సోల్‌వాళ్లు మాత్రం ఇప్పటికీ సాఫ్ట్‌వేర్ షరతుల్లో సొంత వాడకానికే, వ్యాపారానికి కాదు అని రాస్తారు. తమ గేమర్లని తయారుచేసే షాపుని తామే గుర్తించరు.

మన ఊళ్లో ఏం జరిగిందంటే, పీఎస్2 తర్వాత ఆ చవక కుర్చీ మాయమైంది. పీఎస్2 పార్లర్లు నడిచింది కాపీ డిస్కుల మీద, అది దాచాల్సిన విషయమేం కాదు. పీఎస్3లో చాలాకాలం కాపీ డిస్కులు నడవలేదు, ఒరిజినల్ డిస్కు వేలల్లో ఉండేది, గంటకి ఇరవై రూపాయల పార్లర్ ఓనర్‌కి అది గిట్టుబాటు కాదు. ఆ ఖాళీలోకి నెట్ కేఫ్‌లు వచ్చాయి. కౌంటర్ స్ట్రైక్ 1.6, వార్‌క్రాఫ్ట్‌లో డోటా మ్యాప్, ఇంటర్నెట్ లేకున్నా కేఫ్‌లో పీసీలని కలిపే వైర్ల (ల్యాన్) మీద నడుస్తాయి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, 2018లో పబ్‌జీ మొబైల్ రాగానే కుర్చీ కూడా అక్కర్లేకుండా పోయింది. 2020 సెప్టెంబరులో దాన్ని నిషేధించారు, మరుసటి ఏడాది జులైలో అదే బీజీఎంఐగా తిరిగొచ్చింది. ఈ మొత్తం కాలంలో ఒక్క హైదరాబాద్ పిల్లవాడి చేతిలో కూడా చవగ్గా ప్యాడ్ పెట్టిన కన్సోల్ కంపెనీ లేదు.

ప్రయత్నం అస్సలు చేయలేదని అనలేం. 2009లో సోనీ పీఎస్2 కోసం హనుమాన్: బాయ్ వారియర్ అనే గేమ్ విడుదల చేసింది. తయారుచేసింది మన హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్. అదే ఏడాది వచ్చిన దేశీ అడ్డా కూడా ఇక్కడి గేమ్‌శాస్త్రదే, అందులో కబడ్డీ, గాలిపటాలు ఉంటాయి. హార్డ్‌కోర్ గేమర్లు అప్పట్లో వీటిని చూసి నవ్వారు, హనుమాన్ గేమ్‌లో కంట్రోల్స్ నిజంగానే మొద్దుగా ఉండేవి. అయినా ఉద్దేశం సరైనదే అంటాను. పిల్లవాడికి ప్యాడ్ అలవాటు చేయడం అది. దాన్ని ఎక్కువకాలం కొనసాగించకపోవడమే నాకు వింతగా తోస్తుంది.

పెద్ద కంపెనీలు బయట దేశాల్లో చేసిన ప్రయత్నాలు కూడా ఇలాగే చదవొచ్చు. నింటెండో వీ 2006లో వచ్చి పది కోట్లకు పైగా అమ్ముడైంది, అమ్మమ్మలు కూడా బౌలింగ్ ఆడారు. హార్డ్‌కోర్‌వాళ్లు దాన్ని బొమ్మ అన్నారు. వాళ్లని వెనక్కి తెచ్చుకుందామని 2012లో వీ యూ తెచ్చి, విడుదల రోజునే కాల్ ఆఫ్ డ్యూటీ, అసాసిన్స్ క్రీడ్ లాంటివి పెట్టారు. మొత్తం అమ్మింది కోటీ ముప్పై ఆరు లక్షలు. ఆ గేములు ఆడేవాళ్ల దగ్గర అప్పటికే పీఎస్3 గానీ ఎక్స్‌బాక్స్ 360 గానీ ఉంది, స్నేహితులందరూ అక్కడే ఉన్నారు, ఇటెందుకొస్తారు? 2017లో స్విచ్‌తో నింటెండో ఆ గొడవే వదిలేసింది. తన పిల్లల్ని తనే పెంచుకుంది, ఆ లెక్క పదిహేను కోట్లు దాటింది.

పెంచుకున్నవాళ్లని పోగొట్టుకోవడానికి మాత్రం ఒక నెల చాలు. 2013 మే 21న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్ చూపించింది. 24 గంటలకోసారి ఇంటర్నెట్‌కి కలపాలి, పాత డిస్కులు అమ్ముకోవడానికి ఆంక్షలు, కినెక్ట్ కెమెరా తప్పనిసరి, ధర 499 డాలర్లు. సోనీ 399కి పీఎస్4 పెట్టి, డిస్కు స్నేహితుడికి ఎలా ఇవ్వాలో ఇరవై సెకన్ల వీడియో తీసింది: ఒకాయన ఇంకొకాయన చేతిలో పెడతాడు, అంతే. జూన్ 19న మైక్రోసాఫ్ట్ ఆంక్షలు వెనక్కి తీసుకుంది, కానీ ఆ తరంలో మళ్లీ కోలుకోలేదు. సీటీసీలో కూర్చుని చూసినవాడికి ఇది బాగా అర్థమవుతుంది. మన దగ్గర హార్డ్‌కోర్ గేమర్ అంటే డిస్కు విడుదలైన వారంలో కొని, పూర్తి చేసి, రేటు పడకముందే అమ్మేసి, ఆ డబ్బుతో ఇంకోటి కొనేవాడు. కొత్త డిస్కు ఐదు వేలకి అటూ ఇటూ ఉన్న ఊళ్లో ఆ అమ్మకం ఆపేస్తే వాడి ఆటే ఆగిపోతుంది. 2024లో వచ్చిన పీఎస్5 ప్రోకి డిస్క్ డ్రైవ్ విడిగా కొనుక్కోవాలి. పైగా 6 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్యాండ్‌కి అప్పటికి ఇక్కడ అనుమతి లేదని దాన్ని మన దేశానికి తేలేదు. పీఎస్5 కూడా బయట 2020 నవంబరులో వస్తే మనకి 2021 ఫిబ్రవరి 2న 49,990కి వచ్చింది, మరుసటి ఏడాది అదే 54,990 అయింది. సాధారణంగా ఏ వస్తువైనా పాతబడితే రేటు తగ్గుతుంది, ఇది పెరిగింది.

మళ్లీ కూకట్‌పల్లికి వస్తే, మార్చినవి ఇవి. శుక్ర, శని రాత్రులు గది మొత్తం టెక్కెన్‌కి, ఫుట్‌బాల్‌కి. గెలిచినవాడు కూర్చునే పాత పార్లర్ రూలే పెట్టాం, గంట రేటు బదులు మ్యాచ్ రేటు. ప్యాడ్లన్నీ వైరుతోనే. చార్జింగ్ గొడవ ఉండదు, పక్కపక్కనే అన్ని బ్లూటూత్‌లు కొట్టుకోవు. స్టిక్ డ్రిఫ్ట్, అంటే ముట్టుకోకున్నా గురి దానంతటదే జరగడం, ఏ కంపెనీ ప్యాడ్‌కైనా వస్తుంది, లోపల కార్బన్ ట్రాక్ అరిగిపోతుంది, కేఫ్ వాడకానికి ఇంకా త్వరగా. అందుకని అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు వేయించాను. పీసీ బ్యాచ్‌ని బతిమాలడం మానేశాం.

ఓనర్ గట్టిగా అడ్డం తిరిగింది ఇంకో విషయంలో. రెండు సెకండ్ హ్యాండ్ పీఎస్4లు కొని, సాయంత్రం స్కూలు వదిలాక రెండు గంటలపాటు చవక రేటుకి పిల్లలకి పెట్టమన్నాను. "చిల్లర బేరం" అన్నాడు. పిల్లలు ప్యాడ్లు పగలగొడతారన్నాడు. పక్క అపార్ట్‌మెంట్ల నుంచి అమ్మలొచ్చి తిడతారన్నాడు. ఒకావిడ వచ్చిన మాట నిజమే. ఏడింటికల్లా పంపించేస్తామని, హోమ్‌వర్క్ ఉంటే రానివ్వమని ఓనరే ఒప్పుకోవాల్సొచ్చింది. ఇప్పుడు ఆ రెండు గంటలూ క్రికెట్ 24, టెక్కెన్ 7 మీద కొట్లాటలే. లాభం పెద్దగా లేదు, కరెంటు బిల్లుకి సరిపోతుంది. అయినా ఈ కేసులో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది ఇక్కడే.

ఈ పిల్లలు బీజీఎంఐ వేళ్లతో వచ్చారు. ఫోన్‌ని నాలుగు వేళ్లతో, చూపుడు వేళ్లు గోళ్లలా పైన వంచి పట్టుకునే అలవాటు. అందుకని ప్యాడ్ పైభాగంలో ఉండే ఎల్1, ఆర్1 బటన్లు వీళ్లకి వెంటనే పట్టుబడ్డాయి, పీసీ బ్యాచ్‌కి పట్టనంత వేగంగా. కుడి స్టిక్ దగ్గరే ఆగిపోయారు. తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లవాడు గురి పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ప్యాడ్‌ని మొత్తంగా గాల్లో వంచేవాడు. పక్కవాళ్లు నవ్వేవాళ్లు. ఫోన్‌లో వాడు జైరోస్కోప్ మీద ఆడతాడు, ఫోన్ వంచితే గురి కదులుతుంది. వాడి చెయ్యి ఇక్కడా అదే చేస్తోంది.

నవ్వాల్సిన పని లేదు. పీఎస్4, పీఎస్5 ప్యాడ్లలో ఆ సెన్సర్ ఉంది. ఫోర్ట్‌నైట్, కొన్నేళ్లుగా కాల్ ఆఫ్ డ్యూటీ కూడా దాన్ని వాడనిస్తాయి, సెట్టింగ్స్ లోపల ఎక్కడో మూలన. నింటెండో అయితే 2015లో స్ప్లటూన్‌తోనే దాన్ని ముందుకి తెచ్చింది. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో ఆ సెన్సరే లేదు. దేశంలో ఇంతమంది పిల్లలు జైరోతో గురి పెట్టడం ఇప్పటికే నేర్చుకుని ఉన్నారు, కన్సోల్ కంపెనీ ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండా. దాన్ని మొదటి స్క్రీన్ మీద పెట్టి, ఇదిగో మీ ఫోన్‌లో ఉన్నట్టే అని చెప్పే ప్రకటన ఒక్కటి కూడా నేను చూడలేదు.

పీఎస్5లో ఫోర్ట్‌నైట్ పెట్టి, జైరో ఆన్ చేసి ఆ పిల్లవాడికి ఇచ్చాం. సెన్సిటివిటీ వాడే మార్చుకున్నాడు. కాసేపటికి వాడి వెనక పీసీ బ్యాచ్‌లో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఆడతావా అని అడిగితే ఒకడు వద్దని తల ఊపాడు. రెండోవాడు ఒక మ్యాచ్ ఆడి, "పర్లేదన్నా" అని మౌస్ దగ్గరికి పోయాడు.

ఇప్పుడు ఓనర్ స్విచ్ 2 కొందామంటున్నాడు. ప్రస్తుతానికి వద్దన్నాను. నింటెండోకి ఇక్కడ అధికారిక అమ్మకాలు లేవు, వచ్చేదంతా బయటి దేశాల నుంచి అనధికారికంగా తెచ్చే గ్రే మార్కెట్ సరుకు, పాడైతే వారంటీ ఉండదు. ఆ డబ్బుకి ఇంకో రెండు పాత పీఎస్4లు వస్తాయి. వాటికి బేరం ఆడమని సీటీసీలో తెలిసినవాడికి చెప్పి ఉంచాను.